నాన్న బొట్టు పెట్టిన బ్రేకు ప్యాడ్లు

నా కారులో డ్రైవరు పక్క సీటు ముందున్న మ్యాట్‌కి ఒక గుంట పడింది. సరిగ్గా మా నాన్న కుడి మడమ ఆనే చోట. ఆయన నా పక్కన కూర్చున్నాడంటే, ముందున్న బండికి ఎర్ర లైటు వెలిగిన ప్రతిసారీ ఆ కాలు నేలను గట్టిగా తొక్కుతుంది. అక్కడ బ్రేకు లేదని ఆయనకు తెలుసు. కాలికి తెలియదు. నేను బ్రేకు మీద కాలు వేసేలోపే ఆయనది ధబ్‌మని పడిపోతుంది. ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నాను, దాని ఒంటి మీద ఒక్క గీత పడనివ్వలేదు, అయినా ప్రతి సిగ్నల్ దగ్గరా నాకు ఆ ధబ్ తప్పదు. ఒక్కోసారి ఒళ్లు మండి, "నాన్నా, ఇద్దరం కలిసి నొక్కితే కారు రెండు ముక్కలవుతుంది" అని అరుస్తాను. "నేనేం చేసినా పాపా?" అంటాడు, నిజంగానే ఏమీ ఎరగనట్టు.

ఆయన ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ బస్సు నడిపి రిటైరయ్యాడు. అందులో ఎక్కువ కాలం ఘాట్ రోడ్ల మీదే. అమ్మా ఆయనా హెబ్బగోడిలో ఉంటారు. వెనక వరుసగా ఉన్న గదులు ఫ్యాక్టరీ కార్మికులకు అద్దెకిచ్చి, ముందున్న రెండు గదుల్లో వాళ్లుంటారు. నేను సర్జాపుర రోడ్డు పక్కన అపార్టుమెంటులో ఉంటూ ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టరుగా పనిచేస్తున్నాను. పక్కవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. అదే పని ఇంట్లో ఉచితంగా చేస్తుంటానని మా ఆయన కనబడ్డవాళ్లందరికీ చెబుతుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు.

నలభై దాటాక నాకో కొత్త పిచ్చి పట్టుకుంది. ట్రాక్ డే అంటారు దాన్ని. రేసు కాదు, గెలుపోటములు లేవు. మామూలు మనుషులు తమ సొంత కార్లు తెచ్చుకుని, ఎదురు బండి గానీ, గుంత గానీ, ఆవు గానీ, స్పీడ్ బ్రేకరు గానీ లేని రోడ్డు మీద విడతకు పదిహేను నిమిషాల చొప్పున మనసారా తిప్పుకునే రోజు. ఈ ఊళ్లో ఉండేవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. పొద్దున ఆఫీసుకు వెళ్లేటప్పుడు నా కారు రెండో గేరు దాటిందంటే నాకు ఆ రోజు పండగే.

మొదటిసారి వెళ్లింది కిందటేడు, హోసూరు దాటాక కొండల మధ్య ఉన్న ఒక చిన్న ట్రాక్‌కి. నాలుగు రౌండ్లు రాజాలా సాగాయి. ఐదో రౌండులో బ్రేకు నొక్కితే పెడలు నానిన అటుకుల్లా మెత్తగా లోపలికి పోయింది. మలుపు అటు, నేను ఇటు. కారు నేరుగా గడ్డిలోకి వెళ్లి, కాసేపు మేసి, ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి ఆ కథ చేతులు తిప్పుతూ చెబితే అందరూ పగలబడి నవ్వారు, నాన్న తప్ప. ఆయన గ్లాసు కింద పెట్టి, "మళ్లీ పొయ్యేటప్పుడు నేనూ వస్తా. నీ పక్కన కూసోని చూస్తా" అన్నాడు.

ఆఖరి విడతలో ఇంటివాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవడానికి ట్రాక్ వాళ్లు ఒప్పుకుంటారు, హెల్మెట్ పెట్టుకుని ఒక కాగితం మీద సంతకం చేస్తే చాలు. కాబట్టి నాన్న మాటకు అడ్డు చెప్పే వీల్లేకపోయింది. నిజానికి అడ్డు చెప్పాలని కూడా అనిపించలేదు. ఆయన ఆ మాట అన్న క్షణమే నాకు ఒక పంతం పుట్టింది. ఈసారి మా నాన్న నా పక్కన కూర్చుని, కాలు కదపకుండా, ఊరికే కూర్చోవాలి. ఎవరో నడిపే బస్సులో ప్రయాణికుడు కూర్చున్నట్టు. నాకు ఇంకేమీ వద్దు. జీవితంలో ఎన్నో పరీక్షలు రాశాను గానీ ఏ పరీక్షా ఇంతగా నెగ్గాలనిపించలేదు.

అలా మొదలైంది బ్రేకుల వేట. టెస్టరు చేతికి ఏది ఇచ్చినా పట్టిక అవుతుంది. రాత్రీ పగలూ చదివి, కంప్యూటరులో పెద్ద పట్టిక గీశాను. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు. దాన్ని రెండు పక్కలా పట్టి బిగించేవి ప్యాడ్లు. చిన్నపిల్లలకు చెప్పేంత సులువైన సంగతి. దాని మీద లోకంలో ఇన్ని తగాదాలున్నాయని నాకు తెలియదు. చిల్లుల డిస్కులు, గీతల డిస్కులు, నున్నటి డిస్కులు. చల్లగా ఉన్నప్పుడు పట్టే ప్యాడ్లు, వేడెక్కితేనే పట్టే ప్యాడ్లు, దుమ్ము రాల్చేవి, కీచుమని అరిచేవి. ఒక్కోదానికి ఒక్కో వరుస, ఒక్కో మార్కు. పెళ్లి సంబంధాలు చూసినప్పుడు కూడా మా ఇంట్లో ఇంత విచారణ జరగలేదు.

పట్టిక పట్టుకుని మా మెకానిక్ దగ్గరికి వెళ్లాను. నాన్న పనిచేసిన డిపోలోనే బ్రేకుల సెక్షన్‌లో పనిచేసి, రిటైరయ్యాక హెబ్బగోడిలో నాన్నావాళ్ల ఇంటికి రెండు వీధుల అవతల షెడ్డు పెట్టుకున్నాడు. నాన్నను అన్నా అంటాడు కాబట్టి నాకు చిన్నాయన. నేను ఫోనులో చిల్లుల డిస్కు బొమ్మ చూపిస్తే కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు.

"ఇదేంది పాపా, పూరీలు దేవే గరిటా?"

"వేడి బయటికి పోతుంది చిన్నాయనా. చూడ్డానికి కూడా బాగుంటుంది."

"చూసేదానికి బాగుంటాది. నీ గాడి చిన్నది, డిస్కు చిన్నది. బాగా కాగితే ఆ చిల్లు కాడనే పగులు పడతాది. నున్నటిది, మంచి ఇనుముది వేసుకో. సుమ్నే సోకుకు పోవద్దు."

డిపో కన్నడం కలిసిన మాట ఆయనది, గాడి అంటే బండి, సుమ్నే అంటే ఊరికే. డిస్కుల విషయంలో లొంగిపోయాను. పట్టికలో కూడా నున్నటి వాటికి మంచి మార్కులే ఉన్నాయి మరి. ప్యాడ్ల దగ్గర మాత్రం ఇద్దరికీ చెడింది. ఆయన అలమరలోంచి ఒక పెట్టె తీశాడు. రోడ్డుకూ ట్రాక్‌కూ మధ్య రకం, నా కారుకని ముందే తెప్పించి పెట్టాడట. నా కంటికి అవి ఆనలేదు. అసలు సిసలు రేసు ప్యాడ్లు కావాలన్నాను, విదేశాల నుంచి తెప్పించుకునేవి.

"అవి కాగితేనే పట్టేది. పొద్దున్నే ఇల్లిడిచి మొదటి సిగ్నల్‌లో ఎట్ల నిలుపుతావు? పొయ్యి మింద పెట్టి కాంచుకొని పోతావా?" అన్నాడు.

"మెల్లగా వెళ్తాను."

"పోయినసారి పెడలు మెత్తబడింది ప్యాడు తప్పు కాదప్పా. బ్రేక్ ఆయిల్ పాతబడి, కాగి, లోపల ఆవిరి పట్టింది. ముందు అది మార్చాల."

"అదీ మారుద్దాం, ఇదీ మారుద్దాం" అని పట్టికలోని పదిహేడో వరుస చూపించాను. ఆయన పట్టిక వైపు చూడనైనా చూడకుండా తన పెట్టెను మళ్లీ అలమరలో పెట్టేశాడు. "సరి. నీ ఇష్టం" అన్నాడు. ఆ సరిలో నేను ఓడిపోబోతున్నానని ఆయనకు తెలిసిన ధైర్యం ఉంది. నాకు అది నచ్చలేదు.

డిస్కులూ ప్యాడ్లూ దసరా ముందు వచ్చాయి. ఆయుధ పూజ దగ్గర పడింది కాబట్టి షెడ్డులో పనిముట్లన్నీ కడిగి పక్కన పెట్టేశారు, పండగ దాటాక గురువారం బిగిస్తానన్నాడు చిన్నాయన. ఆదివారం ట్రాక్. లెక్క సరిగ్గా సరిపోయింది. ఈ లోపల ఆ పెట్టెలు నా అపార్టుమెంటులో ఊరికే పడి ఉండటం ఎందుకని పూజకు హెబ్బగోడి పట్టుకెళ్లాను. కొత్త చీర కొనుక్కుంటే నలుగురికీ చూపించాలనిపించదూ, అలాగే.

మా ఇంట్లో ఆయుధ పూజ అంటే సంక్రాంతీ ఉగాదీ కలిపినంత. డ్రైవరు ఇల్లు కదా. దేవుడి ముందు పాత చీర పరిచి అమ్మ తన కుట్టు మిషను తల, కత్తిపీట, నాన్న డ్రైవరు బ్యాడ్జి, నా ల్యాప్‌టాప్ వరసగా పెట్టింది. వాటి పక్కనే నా డిస్కులు రెండు, ప్యాడ్లు నాలుగు. బయట కారు ముందు అరటి పిలకలు కట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. పొడి కుంకుమ ఇనుము మీద నిలవదని అమ్మ దాన్ని నువ్వుల నూనెలో తడుపుతుంది. నాన్న స్నానం చేసి, గిన్నె చేత్తో పట్టుకుని, ఒక్కోదానికీ శ్రద్ధగా బొట్టు పెట్టుకుంటూ వచ్చాడు. ప్యాడ్ల దగ్గర కొంచెం ఎక్కువసేపే ఆగాడు. కళ్లు మూసుకుని ఏదో అనుకున్నాడు కూడా. తర్వాత బయట బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, మరమరాలు పంచుకుని తిన్నాం. ఎంత సంతోషంగా గడిచిందో ఆ రోజు.

గురువారం పొద్దున ఆఫీసుకు సెలవు పెట్టి షెడ్డుకు వెళ్లాను. చిన్నాయన చక్రాలు విప్పి, పాతవి ఊడదీసి, కొత్త ప్యాడు పెట్టె తెరిచాడు. ఒకటి చేతిలోకి తీసుకుని, ఎదురుగా వెలుతురుకు పట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చాడు. నావైపు చూశాడు.

"పాపా, దీన్ని గాడికి తెచ్చినావా, పోపుకు తెచ్చినావా?"

నాకు అర్థం కాలేదు. ఆయన ప్యాడును నా చేతిలో పెట్టి, గరుకు వైపు మధ్యలో ఉన్న బొట్టు చూపించాడు. ఎర్రని చుక్క చుట్టూ రూపాయి బిళ్లంత మేర నూనె ఇంకి నల్లగా పాకి ఉంది. నాలుగింటికీ అలాగే.

"ఇది నూనె తాగేస్తాది. తుడిస్తే పోదు. కడిగితే పోదు. కాలిస్తే పోతాదంటారు, నేను నమ్మను. కాగినప్పుడు ఉబికి వస్తాది. ఒక పక్క పట్టి, ఒక పక్క జారితే గాడి యాడికి పోతాదో నీకూ తెలీదు, గాడికీ తెలీదు."

"కానీ ఆదివారం..."

"ఆదివారం కాదు, ఎప్పుడూ వేసేది లేదు."

ఇంకో జత రావాలంటే వారాలు పడుతుంది. నాకు నెత్తిన పిడుగు పడినట్టయింది, మరుక్షణం ఆ పిడుగును ఎవరి నెత్తిన వేయాలో కూడా తెలిసిపోయింది. షెడ్డు బయటికొచ్చి నాన్నకు ఫోను చేశాను. నా నోటి గురించి నాకు తెలుసు. అయినా ఆ రోజు అన్న మాటలు ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడివి, బ్రేకుకు నూనె తగలకూడదని కూడా తెలియదా అన్నాను. అన్నీ తెలిసినట్టు కాలు నొక్కడమే గానీ అన్నాను. ఆఖరిది మరీ అన్యాయం.



"బస్సులో బ్రేకు చక్రం లోపల ఉంటాది పాపా" అన్నాడు నాన్న. "నేను ఎప్పుడూ కంటితో చూడలా. నేను స్టీరింగుకు బొట్టు పెట్టి ఎక్కేవాణ్ణి, అంతే. తెలీక చేసినా." ఆ వెంటనే, "ఆదివారం నేను రాలేనులే. నువ్వు పోయిరా" అన్నాడు.

ఫోను పెట్టేశాడు. నేను షెడ్డు ముందున్న స్టూలు మీద కూలబడ్డాను. నేను గెలవాలనుకున్న ఒకే ఒక్క పరీక్ష, అసలు పరీక్షే లేకుండా పోయింది.

చిన్నాయన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "మీ నాయన మింద అరిచినావా?" అన్నాడు. తల ఊపాను. "డిపోలో పొద్దున్నే బండెక్కే ముందు నా కాడికి వచ్చి, ఏమప్పా బాగుండాదా అని అడిగేవాడు. బాగుండాదన్నా అంటే మళ్లీ మాట లేదు. నేరుగా ఘాటు దిగేవాడు. ఇన్నేండ్లలో ఒక్కసారీ కింద వంగి చూడలా. ఆయనకు ప్యాడు ఎట్లుంటాదో ఎట్ల తెలస్తాది?"

 ఏదో ఒకటి చేయాలి కాబట్టి ఫోనులో పూజ నాటి ఫొటోలు తెరిచాను, నేరం రుజువు చేయడానికన్నట్టు. రుజువయింది. అమ్మ తీసిన ఫొటో అది. నాన్న కుంకుమ గిన్నెతో వంగి ఉన్నాడు. ఆయనకు అందేలా ప్యాడును రెండు చేతులా ఎత్తి పట్టుకున్నది నేను. గరుకు వైపు పైకి తిప్పి పట్టుకున్నదీ నేనే. అప్పుడు గుర్తొచ్చింది, "ముఖం యా పక్క పాపా?" అని ఆయన అడిగిన మాట. "ఇదిగో నాన్నా, ఈ గరుకు పక్కే, ఇదే డిస్కును పట్టుకునేది" అని నేను గొప్పగా చెప్పిన మాట.

పట్టికలో నలభై వరుసలు గీసినదాన్ని. ప్యాడుకు వేలి జిడ్డు కూడా తగలకూడదని ఒక వరుసలో నా చేత్తో నేనే రాసుకున్నదాన్ని. తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని. నా కళ్ల ముందే నూనె బొట్టు పెడుతుంటే నవ్వుతూ ఫొటోకు నిలబడ్డాను. ఎందుకంటే బొట్టు నా కంటికి తప్పులా కనబడలేదు. ఆ రోజు బొట్టు లేని వస్తువేదైనా ఉంటే అదే నాకు తప్పులా కనబడేది.

ఫొటో చిన్నాయనకు చూపించాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఆగేలోపు నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, రెండూ ఒకేసారి. ఆయన లోపలికెళ్లి అలమరలోంచి తన పాత పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.  నేను చెప్పలా అని దెప్పి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నానికి డిస్కులు తుడిచి, ఆ మధ్య రకం ప్యాడ్లు బిగించేశాడు. ఇక బ్రేక్ ఆయిల్ మార్చడం మిగిలింది. దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడలు నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మర తిప్పి పాత ఆయిలూ గాలీ బయటికి వదలాలి. నేను డ్రైవరు సీటు వైపు కదిలితే చిన్నాయన ఆపాడు.

"నువ్వొద్దు. దీనికి కాలు తెలిసినోడు కావాల. పోయి పిలుచుకొని రా."

రెండు వీధులు నడిచి వెళ్లాను. నాన్న అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు, పేపరు చాలాసేపటి నుంచి ఒకే పేజీలో ఉన్నట్టుంది. మా ఇళ్లలో ఆడపిల్లలు తండ్రులకు క్షమాపణలు చెప్పడం ఎక్కడా చూడలేదు, మాటలు కూడా తెలియవు. ముందు ఫొటో చూపించాను. నా చేతుల మీద వేలు పెట్టి చూపించాను. ఆయన ఫోనును దూరంగా పట్టుకుని చూసి, "నువ్వే కదా ఈ పక్క అని చెప్పినావు" అన్నాడు.

"నేనే చెప్పాను నాన్నా. తప్పు నాదే. అక్కడ బ్రేకు నొక్కడానికి మనిషి లేడు, రా."

ఆయన పేపరు మడిచాడు. లోపలి నుంచి అమ్మ, "కాఫీ పెడతా ఉండాను, తాగి పోండి" అని కేకేసింది గానీ అప్పటికే గేటు దాటేశాం.

షెడ్డులో నాన్న చెప్పులు బయట విడిచి, ఉత్త కాళ్లతో డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కింద చక్రం పక్కన చిన్నాయన. "నొక్కన్నా." నాన్న నొక్కాడు. "పట్టుకో." పట్టుకున్నాడు. "ఆ, వదులు." నేను గడప దగ్గర నిలబడి చూస్తున్నాను. ఇన్నేళ్లుగా నా కారులో ఉత్త నేలను తొక్కిన కాలు, ఆ రోజు మొదటిసారి అందులోని నిజమైన బ్రేకును నొక్కింది. నాలుగు చక్రాలూ అయ్యాక చిన్నాయన లేవబోతే నాన్న, "ఉండప్పా. ఎనక ఎడమ పక్క ఇంకా గాలి ఉండాది" అన్నాడు. లేదని చిన్నాయన, ఉందని నాన్న. మళ్లీ మర తిప్పితే గొట్టంలోంచి ఆవగింజంత బుడగ ఒకటి బయటికొచ్చింది. చిన్నాయన ఆ బుడగకు దండం పెట్టాడు.

నాన్న ఇంకో రెండుసార్లు నొక్కి చూసుకుని దిగాడు. చెప్పులు తొడుక్కుంటూ, "ఆదివారం ఎన్ని గంటలకు పోవాల?" అని అడిగాడు.

ఆ నూనె తాగిన ప్యాడ్లను పారేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. బొట్టు పెట్టినవాటిని చెత్తలో వేస్తారా అంది. ఇప్పటికీ అవి మా దేవుడి గూట్లో నాన్న బ్యాడ్జి పక్కన ఉన్నాయి. శుక్రవారం శుక్రవారం వాటికి కొత్త బొట్టు కూడా పడుతుంది. నేను పట్టికలో మొదటి మార్కు ఇచ్చిన ప్యాడ్లకు ఇంత గౌరవం దక్కింది, అది చాలు.

శనివారం తెల్లారాక సర్జాపుర అవతల ఇళ్లు ఇంకా కట్టని లేఅవుటు రోడ్డు మీద కొత్త ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేశాను. వేగం అందుకోవడం, పూర్తిగా ఆపకుండా బ్రేకుతో తగ్గించడం, మళ్లీ అందుకోవడం, అలా పదిసార్లు. మొదటిసారి నుంచే అవి మర్యాదగా పట్టాయి. పొయ్యి మీద కాచుకునే పని లేకుండా పోయింది.

ఆదివారం నాన్న తన డ్యూటీ బూట్లు పాలిష్ చేసుకుని వచ్చాడు. ఒక గుడ్డ సంచిలో చక్రం కింద పెట్టే చెక్క దిమ్మె కూడా తెచ్చాడు, బస్సు రోజులది. ట్రాక్ దగ్గర నా చుట్టూ ఉన్న కార్లన్నీ నాదానికంటే పొడవైనవీ, ఎత్తు తక్కువవీ, నేలను నాకుతున్నట్టున్నవీ. మొదటి విడత అయ్యాక వచ్చి కారు ఆపి, అలవాటుగా హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేశాను. అటు చివర నుంచి ఒక కేక వినబడింది, మైసూరు బస్‌స్టాండులో కండక్టర్లు పెట్టే కేక లాంటిది.

"లాగొద్దు! కాగినప్పుడు లాగొద్దు! పట్టేస్తాది!"

నాన్న పరుగున వచ్చి చక్రం కింద దిమ్మె తోశాడు. "గేరులో ఇడిచిపెట్టి దిగు. ఘాటు దిగినాంక ఎవురన్నా హ్యాండ్ బ్రేకు లాగుతారా?" పక్క కారతను, నాకన్నా సగం వయసువాడు, ఇంగ్లీషులో ఎందుకని అడిగాడు. నాన్న కన్నడంలో చెప్పాడు. మధ్యాహ్నానికి ఆ దిమ్మె నాలుగు కార్ల కిందికి తిరిగింది. నా పట్టికలో ఆ వరుసే లేదు.

ఆఖరి విడత. నాన్న తలకు హెల్మెట్ ఎక్కించేసరికి పక్క కారతనితో కలిపి ముగ్గురం చెమటలు కక్కాం. "ఇన్నేండ్లు గాడి తోలినా, తలకు ఇట్లాంటిది ఎప్పుడూ తగిలించలా" అన్నాడు లోపలి నుంచి. బెల్టు బిగించాను. 

మొదటి రౌండు. పెద్ద తిన్నటి రోడ్డు చివర మలుపు దూరం చెప్పే బోర్డులుంటాయి. నూట యాభై మీటర్ల బోర్డు రాగానే పక్కన ధబ్. నేను వంద దగ్గర నొక్కాను. కారు బుద్ధిగా తగ్గి, తిరిగింది. రెండో మలుపు, ధబ్. మూడు, ధబ్. నాకు నీరసం వచ్చేసింది. ఇంత చేసీ ఏం లాభం అనుకున్నాను. రెండో రౌండులో కోపంతో ఒక మలుపు దగ్గర బ్రేకు వదలకుండా ఈడ్చాను. హెల్మెట్ లోంచి గొంతు వినబడింది.

"ఈడ్చొద్దు పాపా! నొక్కు, వదులు. దానికి ఊపిరాడనీ!"

ఆ తర్వాత అలాగే చేశాను. ఒక్కసారి గట్టిగా, నిండుగా నొక్కడం. మలుపు అందుకోగానే పూర్తిగా వదిలేయడం. మూడో రౌండులో పెద్ద తిన్నటి రోడ్డు చివర, నా కాలు బ్రేకును తాకిన క్షణంలోనే ఆ ధబ్ వినబడింది. ముందు కాదు, తర్వాతా కాదు. తర్వాతి మలుపులోనూ అంతే. ఇద్దరం ఒకే చోట నొక్కుతున్నాం. నాకు హెల్మెట్ లోపల ముఖమంతా నవ్వే. నాలుగు, ఐదు, ఆరు. కిందటేడు గడ్డి మేసిన మలుపు దగ్గర పెడలు రాయిలా గట్టిగా ఉంది. చిన్నాయన సరి అన్నప్పటి ముఖం గుర్తొచ్చింది. ఆఖరి రౌండుల్లో ధబ్ వినబడిందో లేదో ఇంజను మోతలో నాకు తెలియలేదు, చూద్దామంటే కళ్లు రోడ్డు మీంచి తిప్పే వీలు లేదు.

విడత ముగిసిందని జెండా చూపించకముందే నాన్న, "ఈ రౌండు మెల్లిగా పోనీ, బ్రేకు ముట్టొద్దు, ఆరనీ" అన్నాడు. దిగాక దిమ్మె పెట్టి, హెల్మెట్ తీసి, చెదిరిన జుట్టుతోనే చిన్నాయనకు ఫోను చేశాడు. "బాగుండాదప్పా" అన్నాడు. అంతే మాట్లాడాడు. నాతో ఆ మాట కూడా అనలేదు. నన్ను అడగనిస్తేనా, ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందని వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే బయల్దేరాం. కారు ఎక్కగానే నాన్న డ్యూటీ బూట్లు విప్పి వెనక సీట్లో పడేశాడు. మేజోళ్లు తీసి వాటిలో కుక్కాడు. తర్వాత సీటును కొంచెం వెనక్కి జరుపుకుని, కాళ్లు రెండూ పైకి మడిచి, అన్నానికి కూర్చున్నట్టు సీటు మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. నా కారులో ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏమన్నా అంటే కాళ్లు దించేస్తాడేమోనని భయపడి నోరు మూసుకున్నాను. నాకు అది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్లకు తెలుసు. హోసూరు దాటేసరికి గురక మొదలైంది.

అత్తిబెలె దగ్గర ఒక ఆటో అడ్డంగా దూరింది. ముందున్న లారీ ఎర్ర లైట్లు ఒక్కసారిగా వెలిగాయి. నేను గట్టిగా నొక్కాను. కారు నిలబడింది. పక్కకు చూశాను. నాన్న కాళ్లు మడిచినవి మడిచినట్టే ఉన్నాయి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కింద మ్యాట్ మీద ఆ గుంట ఖాళీగా ఉంది. ఆ బ్రేకు నేను ఒక్కదాన్నే నొక్కాను.